యూకేలో ప్లేస్‌మెంట్ ఇయర్: వెతుకులాట నుంచి చివరి రోజు దాకా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

ప్లేస్‌మెంట్ ఇయర్ (కోర్సులో భాగంగా కంపెనీలో పనిచేసే ఏడాది) ఉన్న కోర్సులో చేరితే యూనివర్సిటీయే ఉద్యోగం ఇప్పిస్తుందనుకుని వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పించదు. సీవీ చూసిపెడుతుంది, మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంది, ఖాళీలు కనిపించే పోర్టల్ ఇస్తుంది, దొరికాక అది కోర్సుకి సరిపోతుందా లేదా అని చూసి ఆమోదిస్తుంది. వెతుక్కోవాల్సింది, గెలుచుకోవాల్సింది మనమే.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎమ్మెస్సీ కోసం వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎప్పుడు వెతకాలి, వీసా గురించి కంపెనీ అడిగితే ఏం చెప్పాలి, జీతంలో ఇంత ఎందుకు కోశారు, ఆఫీసులో పని ఇవ్వకపోతే ఎవరికి చెప్పాలి. ఈ గైడ్ వాటన్నిటికీ. చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఏడాది అయ్యాక మీకు పనికొచ్చేది సీవీలో ఉన్న కంపెనీ పేరు ఒక్కటే కాదు, "నేను ఇది చేశాను, దానివల్ల ఇది మారింది" అని అడిగినవాళ్లకి చూపించగలిగే పని. ఆ పని పోగవ్వాలంటే మొదటి నెలలో, చివరి రెండు నెలల్లో ఏం చేస్తారన్నదే కీలకం. చాలామంది పోగొట్టుకునేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

1. వెతకడానికి ముందు కోర్సు కాగితాలు చదవండి

కోర్సు హ్యాండ్‌బుక్, క్యాస్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ధ్రువీకరణ), ప్లేస్‌మెంట్ ఆఫీసు పంపిన మెయిళ్లు తెరిచి ఒకే చోట పెట్టుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ తర్వాత వచ్చే టెన్షన్‌లో సగం ఇక్కడే తగ్గుతుంది.

వీటికి జవాబులు రాసుకోండి:

- నా క్యాస్‌లో ఉన్నది ప్లేస్‌మెంట్‌తో కూడిన కోర్సేనా? వీసా గడువు ప్లేస్‌మెంట్ ఏడాదిని కూడా కలుపుకుని ఉందా?
- ప్లేస్‌మెంట్ ఏ తేదీలోపు దొరకాలి? కనీసం ఎన్ని వారాలు చేయాలి?
- ముందు సెమిస్టర్‌లో ఎన్ని మార్కులు రావాలి? ఒక మాడ్యూల్ ఫెయిలైతే ప్లేస్‌మెంట్‌కి పంపుతారా?
- డిజర్టేషన్ ప్లేస్‌మెంట్‌కి ముందా, తర్వాతా?
- దొరకకపోతే ఏమవుతుంది? క్యాంపస్‌లోనే ప్రాజెక్ట్ ఇస్తారా, లేక కోర్సు కాలం తగ్గిస్తారా?

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. కొన్ని యూనివర్సిటీలు ప్లేస్‌మెంట్ దొరకనివాళ్లకి రీసెర్చ్ ప్రాజెక్ట్ లాంటి వేరే దారి ఇస్తాయి. కొన్ని మామూలు ఎమ్మెస్సీకి మార్చేసి ఆ మార్పును హోమ్ ఆఫీసుకి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) తెలియజేస్తాయి, అప్పుడు వీసా గడువు కుదించుకుపోతుంది. "చూద్దాంలే" అనుకుని వదిలేసే విషయం కాదిది, చేరిన మొదటి వారంలోనే అడగండి. ప్లేస్‌మెంట్ ఏడాదికి ఫీజు ఎంతో కూడా అప్పుడే అడగండి. మామూలు ఏడాది కంటే సాధారణంగా చాలా తక్కువే ఉంటుంది గానీ సున్నా అనుకోవద్దు.

స్టూడెంట్ వీసా మీద ప్లేస్‌మెంట్ చేయాలంటే అది కోర్సులో భాగమై ఉండాలి, మార్కులు వేసేదై ఉండాలి, యూనివర్సిటీ ఆమోదించి ఉండాలి. డిగ్రీ స్థాయి కోర్సుల్లో సాధారణంగా కోర్సు మొత్తం కాలంలో సగానికి మించకూడదు. ఆమోదం రాకముందు ఒక్క రోజు కూడా పనిలోకి వెళ్లకండి, కంపెనీ ఎంత తొందరపెట్టినా సరే.

2. వెతుకులాట క్లాసులతో పాటే మొదలవ్వాలి

సెప్టెంబర్‌లో దిగి, ఇల్లు వెతుక్కుని, పార్ట్‌టైమ్ జాబ్ పట్టుకుని, మొదటి అసైన్‌మెంట్లు అయ్యాక జనవరిలో మొదలుపెడదాం అనుకుంటారు. అప్పటికి పెద్ద కంపెనీల్లో చాలా ఖాళీలు మూసేసి ఉంటాయి. వాళ్లు వచ్చే వేసవిలో చేరేవాళ్ల కోసం ముందటి శరత్కాలంలోనే, అంటే సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్యలోనే దరఖాస్తులు తీసుకుంటారు. గడువు తేదీ దాకా ఆగరు కూడా, సరిపడా మంది రాగానే మూసేస్తారు.

చిన్న, మధ్యస్థాయి కంపెనీలు దీనికి పూర్తిగా వేరు. అవి జనవరి నుంచి వేసవి దాకా అవసరాన్ని బట్టి తీసుకుంటాయి, పరీక్షల దశలు తక్కువ, నేరుగా మేనేజరే మాట్లాడతాడు. మనవాళ్లు వీటిని చిన్నచూపు చూస్తారు. నా అభిప్రాయం అడిగితే, నేర్చుకోవడానికి ఇవే మంచివి. పది మంది ఉన్న చోట మీకు నిజమైన పని ఇవ్వక తప్పదు.

ఎక్కడ చూడాలంటే: ముందు యూనివర్సిటీ కెరీర్స్ పోర్టల్, తర్వాత టార్గెట్‌జాబ్స్, ప్రాస్పెక్ట్స్, ఇంజనీరింగ్, టెక్నాలజీ వాళ్లకి గ్రాడ్‌క్రాకర్, ఆపైన లింక్డ్‌ఇన్. ఒక జాగ్రత్త: చాలా ప్లేస్‌మెంట్ ప్రకటనలు బ్యాచిలర్స్ రెండో ఏడాది వాళ్ల కోసం రాసినవి. ఎమ్మెస్సీ వాళ్లని తీసుకుంటారో లేదో అందులో లేకపోతే ఫారం మొత్తం నింపే ముందు రిక్రూటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి.

ఒక షీట్ పెట్టుకోండి. కంపెనీ, ఉద్యోగం పేరు, ప్రకటన పూర్తి కాపీ, పంపిన తేదీ, ఏ సీవీ పంపారు, ఏ దశలో ఉంది. ప్రకటన కాపీ ఎందుకంటే, ఇంటర్వ్యూకి పిలిచేసరికి వెబ్‌సైట్‌లో దాన్ని తీసేసి ఉంటారు.

3. సీవీ, వీసా ప్రశ్న, ఇంటర్వ్యూ

సీవీ రెండు పేజీలు దాటకూడదు. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, చివర "పైన రాసినవన్నీ నిజమని ప్రకటిస్తున్నాను" అనే వాక్యం, ఇవేవీ అక్కర్లేదు. బీటెక్‌లో ఇంత పర్సంటేజ్ అని రాసి వదిలేస్తే ఇక్కడివాళ్లకి అర్థం కాదు, కాబట్టి ఇక్కడి గ్రేడ్‌లో దానికి సమానమైనది యూనివర్సిటీ ఎలా లెక్కేస్తుందో అడిగి అదే రాయండి.

టెస్కోలోనో, గోదాంలోనో, కేర్ హోమ్‌లోనో చేసిన పార్ట్‌టైమ్ పని దాచుకోవద్దు. అది సిగ్గుపడేది కాదు, ఇక్కడి మనుషులతో కలిసి షిఫ్ట్‌లో పనిచేశారన్నదానికి అదే రుజువు.

వీసా విషయంలో చాలామంది అనవసరంగా ఆఫర్ పోగొట్టుకుంటారు. "మీకు స్పాన్సర్‌షిప్ కావాలా?" (అంటే మీ వీసాకి కంపెనీ పూచీ పడాలా) అని అడిగితే తడబడతారు, అవతలివాళ్లు కావాలేమో అనుకుని పక్కన పెట్టేస్తారు. నిజం ఏంటంటే, కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్‌కి కంపెనీ స్పాన్సర్ చేయనక్కర్లేదు, స్పాన్సర్ లైసెన్స్ కూడా అక్కర్లేదు, మీ స్పాన్సర్ యూనివర్సిటీయే. ఇలా చెప్పండి: "నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. ఈ ప్లేస్‌మెంట్ నా కోర్సులో భాగం కాబట్టి ఫుల్‌టైమ్ చేయడానికి అనుమతి ఉంది. యూనివర్సిటీ నుంచి లెటర్, హోమ్ ఆఫీసు షేర్ కోడ్ ఇస్తాను." ఆ లెటర్ ముందే తీసి ఉంచుకోండి. షేర్ కోడ్ అంటే మీకు పనిచేసే అనుమతి ఉందో లేదో కంపెనీ ఆన్‌లైన్‌లో చూసుకునే కోడ్. ఫారంలో "ఇప్పుడు గానీ భవిష్యత్తులో గానీ" అని అడిగితే మాత్రం నిజమే రాయండి, కింద ఖాళీ ఉంటే ప్లేస్‌మెంట్‌కి అవసరం లేదన్న సంగతి విడిగా చెప్పండి.

ఇంటర్వ్యూలో ఇక్కడ అడిగేది ఎక్కువగా "ఒక సందర్భం చెప్పండి" అనే తరహా ప్రశ్నలు. టీమ్‌లో గొడవ వచ్చినప్పుడు, గడువు తప్పినప్పుడు, తెలియని పని నెత్తిన పడ్డప్పుడు ఏం చేశారు అని. మనవాళ్లు చేసే తప్పు, మొదటినుంచి చివరిదాకా "మేము చేశాం" అనడం. మీరేం చేశారో చెప్పండి. పరిస్థితి రెండు వాక్యాల్లో ముగించి, మీ బాధ్యత ఒక వాక్యంలో చెప్పి, మీరు చేసిన పని మీద ఎక్కువసేపు ఉండి, ఫలితంతో ఆపండి. ఇలాంటి సందర్భాలు ఆరేడు సిద్ధం చేసుకుంటే చాలావరకు ప్రశ్నలకి అవే సరిపోతాయి.

4. డబ్బు తీసుకుని ప్లేస్‌మెంట్ ఇప్పిస్తామనేవాళ్లు

దీన్ని ఒక్క మాటలో తేల్చేస్తాను: ఇవ్వకండి. యూకేలో ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోవడాన్ని 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీస్ చట్టం, కొద్ది మినహాయింపులతో, నిషేధించింది. "ట్రైనింగ్ ఫీజు" అని పేరు మార్చి అడుగుతారు. లేని అనుభవం సీవీలో రాసిపెడతామంటారు, ఇంటర్వ్యూలో మీ బదులు ఇంకొకరు మాట్లాడతారంటారు. రిఫరెన్స్ చెక్‌లో దొరికితే ఆఫర్ ఒక్కటే పోదు, యూనివర్సిటీ క్రమశిక్షణ చర్య, ఆ తర్వాత వీసా దాకా వెళ్లొచ్చు. ఊళ్లో అమ్మానాన్న తీర్చాల్సిన అప్పు మీద అంత పందెం కాయకండి.

తెలియని కంపెనీ ఆఫర్ ఇస్తే కంపెనీస్ హౌస్ (కంపెనీలని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి, ఉచితం. ఎప్పుడు నమోదైంది, డైరెక్టర్లు ఎవరు, అకౌంట్లు ఫైల్ చేశారా, అన్నీ కనిపిస్తాయి. నమోదై రెండు నెలలే అయి, చిరునామాగా ఎవరి ఇల్లో ఉంటే ప్లేస్‌మెంట్ ఆఫీసుకి చూపించకుండా ముందుకెళ్లొద్దు.

5. ఆఫర్ చేతికొచ్చాక, చేరకముందు

ఇక్కడ వరుస ముఖ్యం.

1. ఆఫర్ లెటర్, ఉద్యోగ వివరాలు ప్లేస్‌మెంట్ ఆఫీసుకి పంపి రాతపూర్వకంగా ఆమోదం తీసుకోండి.
2. యూనివర్సిటీ, కంపెనీ, మీరు ముగ్గురూ సంతకం పెట్టే ఒప్పందం పూర్తి చేయండి. అందులో తేదీలు, పనిచేసే చిరునామా, రిమోట్ రోజులు సరిగ్గా ఉన్నాయో చూడండి.
3. యూకేవీఐ (హోమ్ ఆఫీసు వీసా విభాగం) అకౌంట్‌లో ఈవీసా (ఆన్‌లైన్‌లో ఉండే మీ వీసా రికార్డు) తెరిచి, పాస్‌పోర్ట్ నంబర్ సరిగ్గా ఉందో చూసి, పనికి సంబంధించిన షేర్ కోడ్ తీయండి. అది 90 రోజులే పనిచేస్తుంది, మరీ ముందుగా తీయొద్దు.
4. ఎన్ఐ (నేషనల్ ఇన్సూరెన్స్, జీతంలోంచి కోసే సామాజిక బీమా) నంబర్ లేకపోతే వెంటనే దరఖాస్తు చేయండి.
5. ఇవన్నీ అయ్యాకే కొత్త ఊళ్లో ఇంటికి డిపాజిట్ కట్టండి. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకి డిపాజిట్ అయిదు వారాల అద్దెకి మించకూడదు.
6. కొత్త చిరునామా యూనివర్సిటీకి చెప్పండి. కౌన్సిల్ ట్యాక్స్ (ఉండే ఇంటిపై స్థానిక సంస్థ వేసే పన్ను) మినహాయింపు కోసం స్టూడెంట్ లెటర్ కూడా అప్పుడే తీసుకోండి.

జీతం గురించి ఒక సంగతి. హయ్యర్ ఎడ్యుకేషన్ కోర్సులో భాగంగా ఏడాదికి మించకుండా చేసే ప్లేస్‌మెంట్‌కి కనీస వేతన నిబంధన వర్తించదు. అంటే తక్కువ ఇచ్చినా, అసలు ఇవ్వకపోయినా చట్టం అడ్డుపడదు. పేరున్న కంపెనీలు మామూలుగా జీతం ఇస్తాయి. జీతం లేని ఏడాది ప్లేస్‌మెంట్ తీసుకోమని నేను ఎవరికీ చెప్పను. అద్దె, తిండి, రైలు పాస్ ఎక్కడినుంచి వస్తాయి?

6. మొదటి జీతం స్లిప్ చదవడం

చేరినప్పుడు స్టార్టర్ చెక్‌లిస్ట్ అని ఒక ఫారం ఇస్తారు. ఏప్రిల్ 6 తర్వాత ఇదే మీ మొదటి ఉద్యోగమైతే "ఏ", ఈలోపు ఇంకో ఉద్యోగం చేసి మానేస్తే "బీ", ఇప్పటికీ ఇంకో ఉద్యోగం ఉంటే "సీ". పాత యజమాని ఇచ్చిన పీ45 (ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చే జీతం, పన్ను వివరాల కాగితం) ఉంటే అదే ఇవ్వండి. ఏదీ నింపకుండా వదిలేస్తే మినహాయింపు లేకుండా ట్యాక్స్ కోసేస్తారు.

లెక్క ఒకసారి చూద్దాం. సెప్టెంబర్‌లో ఏడాదికి 20,000 పౌండ్ల జీతానికి చేరారు, ఆ పన్ను సంవత్సరంలో అంతకుముందు ఏ ఆదాయమూ లేదు. నెలకి సుమారు 1,667 పౌండ్లు. ఇక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6 నుంచి తర్వాతి ఏప్రిల్ 5 దాకా. ఈలోపు మీకందే ఏడు జీతాలు కలిపితే దాదాపు 11,670. పన్ను లేని పరిమితి 12,570. కాబట్టి మార్చి దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ పడకూడదు. స్లిప్ మీద ట్యాక్స్ కోడ్ 1257ఎల్ అని ఉంటే సరే, ఆ పరిమితి మీకు ఇచ్చినట్టే. దాని పక్కన ఎం1 (ఏ నెలకానెల విడిగా లెక్కేయడం) అని గానీ, అసలు కోడే బీఆర్, 0టీ (పన్ను లేని పరిమితి ఇవ్వని కోడ్లు) అని గానీ ఉండి ట్యాక్స్ కోస్తుంటే హెచ్ఎంఆర్‌సీ (పన్నుల శాఖ) యాప్‌లో లాగిన్ అయ్యి మీ ఉద్యోగ వివరాలు సరిచేయించండి, ఎక్కువ కట్టింది తిరిగొస్తుంది. ఎన్ఐ మాత్రం నెలనెలా విడిగా లెక్కేస్తారు: నెలకి 1,048 పౌండ్లు దాటినదానిపై 8 శాతం, అంటే ఇక్కడ 50 దాకా. అది తిరిగి రాదు.

ఏప్రిల్ నుంచి అదే జీతానికి నెలకి 124 పౌండ్ల చొప్పున ట్యాక్స్ మొదలవుతుంది. తప్పేం జరగలేదు, కంగారు పడొద్దు. ఆగస్టులో ప్లేస్‌మెంట్ అయిపోయి, ఆపైన వచ్చే ఏప్రిల్ దాకా వేరే ఆదాయం లేకపోతే ఆ అయిదు నెలల్లో కట్టిన సుమారు 620 పౌండ్లూ మీకు వెనక్కి రావాలి. అడగకుండా వదిలేసేవాళ్లు ఎంతమందో. స్కాట్లాండ్‌లో ఉంటే కోడ్ ముందు ఎస్ అక్షరం ఉంటుంది, స్లాబులు వేరు.

22 ఏళ్లు నిండి, జీతం ఏడాదికి 10,000 పౌండ్లు దాటితే పెన్షన్‌లో వాళ్లే చేర్చేస్తారు. యజమాని కూడా కొంత వేస్తాడు కాబట్టి ఇక్కడే ఉండాలనుకుంటే మంచిదే. ఇండియా వెళ్లిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే చేర్చిన నెలలోపు ఆప్ట్ అవుట్ అవ్వండి, కట్టింది తిరిగి ఇస్తారు. నెల దాటితే ఆ డబ్బు మామూలుగా రిటైర్మెంట్ వయసు దగ్గరపడేదాకా చేతికి రాదు.

ఇంకొకటి. ప్లేస్‌మెంట్ గంటలు కాకుండా టర్మ్ సమయంలో వారానికి 20 గంటల దాకా వేరే పని చేయడానికి డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసా ఒప్పుకుంటుంది. ఫ్రీలాన్సింగ్, సొంత వ్యాపారం మాత్రం కుదరవు. ఒప్పుకుంటుంది కదా అని వారాంతాలన్నీ రెస్టారెంట్‌లో గడిపితే సోమవారం ఆఫీసులో మీరు పనికిరారు. అప్పు ఒత్తిడి ఎంత ఉంటుందో తెలుసు, అయినా కనీసం మొదటి మూడు నెలలు ఒక్క ఉద్యోగమే చేసి చూడండి.

7. మొదటి నెల

మొదటి రెండు వారాలు లాగిన్లు, ట్రైనింగ్ వీడియోలు, పరిచయాలతోనే పోతాయి. అసలు ప్రమాదం మూడో వారంలో. పని అర్థం కాక, అడిగితే ఏమనుకుంటారో అని స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు. బయటినుంచి చూసేవాళ్లకి మీరు బిజీగా ఉన్నట్టే ఉంటుంది, ఎవరూ పలకరించరు. రోజులు అలా జారిపోతాయి.

ఒక నియమం పెట్టుకోండి. ఎక్కడైనా ఇరుక్కుంటే అరగంట మీరే ప్రయత్నించండి. అరగంటకి కదలకపోతే అడగండి, కానీ "రావట్లేదు" అని కాదు. "ఇది చేయాలనుకున్నాను, ఈ రెండు రకాలుగా ప్రయత్నించాను, ఇక్కడ ఆగింది, ఏ వైపు చూడమంటారు?" అని అడగండి. ఇలా అడిగినవాళ్లని ఎవరూ తక్కువగా చూడరు.

అర్థం కాకుండా తలూపడం మానేయండి. పని చెప్పిన వెంటనే "అంటే నేను ఇది చేయాలి, శుక్రవారానికి కావాలి, ముందు మీకు చూపించాలి, అంతేనా?" అని తిరిగి చెప్పండి. ఇక్కడివాళ్లు తప్పుని చాలా మెత్తగా చెబుతారు, కోప్పడలేదు కదా అని మనం బాగుందనుకుంటాం. అందుకే ప్రతిసారీ "ఇందులో ఏది మార్చమంటారు?" అని సూటిగా అడిగితేనే అసలు మాట బయటికొస్తుంది. సర్, మేడమ్ అక్కర్లేదు. డైరెక్టర్‌ని కూడా పేరు పెట్టే పిలుస్తారు, రెండు వారాల్లో నోటికి అలవాటైపోతుంది.

నెల తిరిగేలోపు ఇవి అయ్యాయా చూసుకోండి:

- మేనేజర్‌తో వారానికో రెండు వారాలకో ఒకసారి వన్-టు-వన్ (మీరిద్దరే మాట్లాడుకునే మీటింగ్) క్యాలెండర్‌లో పడింది.
- ఏడాదికి నాలుగైదు లక్ష్యాలు రాసుకుని ఇద్దరూ ఒప్పుకున్నారు.
- టీమ్‌లో ప్రతి ఒక్కరితో పావుగంటైనా మాట్లాడి వాళ్ల పనేంటో తెలుసుకున్నారు.
- యూనివర్సిటీ ట్యూటర్ ఎప్పుడు వస్తారో, రిపోర్ట్ ఎప్పుడివ్వాలో తేదీలు తెలుసు.
- జీపీ (స్థానిక డాక్టర్) దగ్గర కొత్త చిరునామాతో నమోదయ్యారు.

లంచ్ డెస్క్ దగ్గర ఒంటరిగా తినకండి. పక్క టీమ్‌లో ఏం జరుగుతోందో, ఏ కొత్త ప్రాజెక్ట్ వస్తోందో తెలిసేది అక్కడే. మందు తాగనివాళ్లు పార్టీకి వెళ్లడం మానేయక్కర్లేదు, జ్యూస్ గ్లాసు పట్టుకుని గంట ఉండి వచ్చేయొచ్చు.

8. వారం వారం రాసుకోండి

ఈ గైడ్‌లో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. శుక్రవారం సాయంత్రం ఇరవై నిమిషాలు. యూనివర్సిటీ అడిగే రిపోర్ట్, మిడ్-ఇయర్ రివ్యూ, తర్వాతి ఉద్యోగం ఇంటర్వ్యూ, మూడూ ఈ నోట్స్ మీదే నిలబడతాయి. జూన్‌లో కూర్చుని అక్టోబర్‌లో ఏం చేశానో గుర్తు తెచ్చుకోవడం ఎవరివల్లా కాదు.

ఎలా రాయాలంటే, డేటా అనలిస్ట్ పని చేసే విద్యార్థి నోట్ ఒకటి ఇలా ఉండొచ్చు:

"పని: ప్రాంతాలవారీ అమ్మకాల రిపోర్ట్. ముందు: నాలుగు ఎక్సెల్ ఫైళ్ల నుంచి చేత్తో కాపీ చేసేవారు, సోమవారం ఉదయమంతా దానికే పోయేది. నేను చేసింది: పవర్ క్వెరీతో నాలుగూ కలిపాను. ఇప్పుడు: అరగంటలో అవుతోంది. అడ్డం: ఒక ప్రాంతంవాళ్లు తేదీలో నెల ముందు, రోజు తర్వాత రాస్తున్నారు. మొత్తాలు తేడా వచ్చాయి, ఫైనాన్స్‌లో ఒకావిడ పట్టుకుంది. నేర్చుకున్నది: కలిపే ముందు తేదీల కాలమ్ చూడాలి. రుజువు: మేనేజర్ మెయిల్."

చూశారా, ఇందులో ముందు ఎలా ఉండేదో, మీ చేయి ఎక్కడ పడిందో, ఎంత మారిందో, ఎక్కడ దెబ్బతిందో అన్నీ ఉన్నాయి. దీన్నుంచి సీవీకి ఒక లైను, ఇంటర్వ్యూకి ఒక సందర్భం, రిపోర్ట్‌కి ఒక పేరా తయారవుతాయి. "ఎక్సెల్ రిపోర్టులు చేశాను, చాలా నేర్చుకున్నాను" అని రాస్తే ఏదీ తయారవదు.

ముఖ్యంగా "ముందు" ఎలా ఉండేదో మార్చకముందే రాసిపెట్టుకోండి. మార్చేశాక పాత లెక్క ఎవరికీ గుర్తుండదు.

కంపెనీ ఫైళ్లు, కస్టమర్ల వివరాలు, కోడ్ సొంత మెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో పంపుకోవడం మాత్రం చేయొద్దు. దీనివల్ల ఉద్యోగం పోతుంది. నోట్స్‌లో మీ మాటల్లో రాయండి, రిపోర్ట్‌లో ఏ అంకెలు వాడొచ్చో మేనేజర్‌ని అడగండి.

9. మంచి పని అడిగి తీసుకోవడం

మూడు నెలలయ్యేసరికి రోజువారీ పని చేతికొస్తుంది. అక్కడే ఆగిపోతే మిగతా తొమ్మిది నెలలూ మూడో నెలే మళ్లీ మళ్లీ గడిపినట్టు. కొత్త పని ఎవరో పిలిచి ఇస్తారని ఎదురుచూడొద్దు.

అడిగే పద్ధతి ఒకటుంది. "ఇంకేమైనా పని ఉందా" అంటే మేనేజర్‌కి ఆలోచించే భారం పడుతుంది. టీమ్‌లో అందరూ విసుక్కునే పని ఒకటి ఎప్పుడూ ఉంటుంది: పాతబడ్డ డాక్యుమెంట్, ఎవరూ సరిచేయని షీట్, నెలనెలా ఆలస్యమయ్యే రిపోర్ట్. అది పట్టుకుని "దీన్ని రెండు వారాల్లో బాగుచేస్తాను, నా మామూలు పని ఆగదు, చూడమంటారా?" అని వన్-టు-వన్‌లో అడగండి. సాధారణంగా వద్దనరు. ఏడాది చివరికి మొదటినుంచి చివరిదాకా మీరే చేశారని చెప్పుకోగల పని కనీసం ఒకటి ఉండాలి, రెండుంటే ఇంకా మంచిది.

ఒప్పుకున్నది చేయలేమనిపిస్తే గడువుకి ముందే చెప్పండి. గడువు రోజు చెబితే అది సాకు అవుతుంది.

10. తేడా వచ్చినప్పుడు

*పనే ఇవ్వట్లేదు.* రెండు వారాలు చూసి, చేసిన పనుల జాబితాతో మేనేజర్‌ని అడగండి. ఇంకో రెండు వారాలకీ మారకపోతే ప్లేస్‌మెంట్ ట్యూటర్‌కి మెయిల్ పెట్టండి. ఫిర్యాదు చేసినట్టవుతుందేమో అని ఆగకండి, వాళ్లున్నదే దానికి.

*మేనేజర్ మానేశారు.* ఇది తరచూ జరిగేదే. వెళ్లేలోపు మీ లక్ష్యాలు, అప్పటిదాకా చేసిన పని మీద రెండు లైన్ల అభిప్రాయం రాతలో తీసుకోండి. కొత్తవాళ్లకి మొదటి వారంలోనే అవి చూపించండి.

*అవమానిస్తున్నారు, వివక్ష చూపుతున్నారు.* తేదీ, మాట, ఎవరున్నారు అన్నది ఆ రోజే రాసుకోండి. యూనివర్సిటీకి చెప్పండి. ఏకాస్ (ఉద్యోగ హక్కుల మీద ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ) హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి మీ హక్కులేంటో అడగొచ్చు. వీసా ఏమవుతుందో అన్న భయంతో భరించొద్దు, మీ వీసా యూనివర్సిటీ స్పాన్సర్‌షిప్ మీద ఉంది, ఆ మేనేజర్ చేతిలో లేదు.

*ప్లేస్‌మెంట్ మధ్యలో ఆగిపోయింది.* అదే రోజు యూనివర్సిటీకి తెలియజేయండి. దాచిపెట్టి ఇంట్లో కూర్చోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు. కొంత కాలం పూర్తయితే చాలని లెక్కేసే కోర్సులు ఉన్నాయి, ఇంకోటి వెతుక్కోవడానికి గడువిచ్చేవీ ఉన్నాయి, కానీ వాళ్లకి మీరే ముందు చెప్పాలి.

*ఊరికి వెళ్లాలి.* ఉద్యోగులకి ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది, బ్యాంక్ హాలిడేలు అందులోనే కలిపేయొచ్చు. సంక్రాంతికి వెళ్లాలంటే అక్టోబర్‌లోనే అడగండి. ఫ్లైట్ టికెట్ కొన్నాక సెలవు అడగొద్దు. యూనివర్సిటీకి కూడా చెప్పి వెళ్లండి.

11. చివరి రెండు నెలలు

ఉద్యోగం కొనసాగుతుందేమో అన్న మాట చివరి వారంలో ఎత్తితే లాభం లేదు, బడ్జెట్లు అప్పటికే తేలిపోయి ఉంటాయి. మూడు నెలల ముందే వన్-టు-వన్‌లో "గ్రాడ్యుయేట్ ఖాళీలు ఎప్పుడు తెరుస్తారు, నన్ను పరిగణిస్తారా?" అని అడగండి. కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని జాబితాలో మీరే చూసుకోవచ్చు. స్కిల్డ్ వర్కర్ వీసాకి (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) 2025 జూలై నుంచి సాధారణ జీతం పరిమితి 41,700 పౌండ్లు, అప్పుడే చదువు పూర్తిచేసినవాళ్లకి 33,400, దానితోపాటు ఆ ఉద్యోగానికి నిర్ణయించిన రేటు కూడా అందుకోవాలి. జీతం మాట్లాడేటప్పుడు ఈ అంకె మీ తలలో ఉండాలి.

చాలా కంపెనీలు అధికారిక రిఫరెన్స్‌లో మీ హోదా, తేదీలు మాత్రమే ఇస్తాయి. అందుకే మేనేజర్‌ని లింక్డ్‌ఇన్‌లో నాలుగు వాక్యాలు రాయమని విడిగా అడగండి. ఏ ప్రాజెక్ట్ గురించి రాయాలో మీ నోట్స్ నుంచి గుర్తుచేస్తే రాసేవాళ్లకీ సులువు.

మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం హ్యాండోవర్ డాక్యుమెంట్ తయారుచేయండి. ఏ పని ఏ రోజు, ఏ ఫైలు ఎక్కడ, తరచూ ఎక్కడ తప్పవుతుంది, ఎవరిని అడగాలి. మీరు వెళ్లాక కూడా టీమ్‌లో రోజూ తెరిచేది అదే అవుతుంది.

వెళ్లే ముందు చూసుకోవాల్సినవి:

- వాడని సెలవులకి డబ్బు చివరి జీతంలో కలిపారా?
- పీ45 ఎప్పుడొస్తుంది, ఏ మెయిల్‌కి? ఆఫీసు మెయిల్ ఆగిపోయేలోపు సొంత మెయిల్ ఇచ్చారా?
- జీతం స్లిప్పులన్నీ, పీ60తో (పన్ను సంవత్సరం మొత్తం జీతం, పన్ను చూపే కాగితం) సహా డౌన్‌లోడ్ చేసుకున్నారా?
- యూనివర్సిటీ ఫారాల మీద మేనేజర్ సంతకం అయిందా?
- రిపోర్ట్ డ్రాఫ్ట్ కంపెనీకి చూపించి, రహస్య సమాచారం లేదని ఖాయం చేసుకున్నారా?

రిపోర్ట్ విషయంలో ఒక హెచ్చరిక. ఆఫీసులో ఎంత బాగా చేసినా మార్కులు వేసేది రిపోర్ట్ చూసే. ట్యూటర్లు కంపెనీ చరిత్ర అడగరు, మీ ఆలోచన ఎలా మారిందో అడుగుతారు. శుక్రవారం నోట్స్‌లో "అడ్డం", "నేర్చుకున్నది" అని రాసిన లైన్లు తీసి, ఇప్పుడైతే ఏం వేరుగా చేసేవారో వాటికి జోడించండి. ఆఖరి నెలలో మొదలుపెట్టకండి, ఆరో నెలలోనే సగం రాసేయొచ్చు.

గ్రాడ్యుయేట్ వీసా (చదువు అయ్యాక యూకేలోనే ఉండి పనిచేసుకునే వీసా) గురించి: కోర్సు విజయవంతంగా పూర్తయిందని యూనివర్సిటీ హోమ్ ఆఫీసుకి తెలియజేశాక, స్టూడెంట్ వీసా గడువు ముగిసేలోపు, యూకేలో ఉండగానే దరఖాస్తు చేయాలి. 2026 డిసెంబర్ 31 లోపు చేస్తే రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి చేస్తే 18 నెలలు, పీహెచ్‌డీ వాళ్లకి వేరు. ఈ నిబంధనలు తరచూ మారతాయి కాబట్టి ఎవరో వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్ చూసి నిర్ణయం తీసుకోవద్దు. ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచి చదివి, అర్థం కానిది యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, ఆ జవాబు మెయిల్‌లో తీసుకోండి.